లాభం, రెండు, మూడు

పొద్దంతా మనుషుల గుండెలు సూసిన మిషను
రాత్రి పదికి, షెటరు సగం దించినంక,
ఒక పిల్లి కోసం మళ్ల వెలిగింది.

పేరు తవుడు. రంగూ అదే.
వేములపల్లి రోడ్డు రైసుమిల్లుల
ఎలుకలకు దాని వాసనంటేనే వణుకు.
నెలరోజులాయె, ముక్కు ముందట్నించి పోయినా
తోక కదపతలేదని
సైదమ్మ ఉల్లిగడ్డల గంపల వెట్టుకొని
మిర్యాలగూడ దాక నడ్సుకుంటొచ్చింది.

రొమ్ము పక్కన బొచ్చు గొరిగి జెల్లు రాసిన.
"సల్లగుంటదేమో సారూ, జర చేతుల రుద్ది పెట్టు."
తెర మీద ఉసిరికాయంత గుండె.
సుట్టూ నల్లగ నీళ్లు.
బావిల వడ్డ చెంబు తీరు అటూ ఇటూ ఊగుతుంది.
పెద్దనాళం మొదట్ల
శనగగింజంత గడ్డ.

పదకొండేండ్ల సంది గుండెలు సూస్తున్న.
నా చెయ్యి ఆన్నే ఆగింది.

హైదరాబాదు పశువుల డాక్టరమ్మ
ఫోన్ల బొమ్మలు సూసి చానాసేపు మాట్లాడలే.
"గుండె మొదట్ల క్యాన్సరు. పిల్లులకు ఎప్పుడో ఒకటి.
కోసి తీసే జాగ కాదు. ముందైతే నీళ్లు తీద్దాం."

సైదమ్మ చిట్టీ నష్టానికి పాడుకుంది.
మొదటి బస్సుల కండక్టరు గంపకు లగేజీ కొట్టిండు,
లోపల ఏముందో అడగలే.

సూది దించితే
గోగుపూలు నానేసిన రంగు, నలభై మిల్లీలు,
సగం చాయ్ గ్లాసు.
బస్తా దించిన హమాలీ తీరు
తవుడు ఊపిరిడిసింది.

మందు కుక్కల క్యాన్సరుది.
చిటికెడు పొడి, చిన్న గొట్టంల, దినం తప్పిచ్చి దినం.
తగ్గిస్తదని కాదు, పెరగకుండ ఆపుతదేమోనని.
గొట్టం ముట్టేటప్పుడు చేతులకు తొడుగులు,
దాని ఇసుక ఎత్తేటప్పుడూ తొడుగులే.
సైదమ్మ నవ్వింది:
"ముప్పై ఏండ్లు ఊక దుమ్ము మింగిన.
నాకెవ్వడియ్యలే తొడుగులు."

పండుకున్నప్పుడు నిమిషానికెన్ని ఊపిర్లో లెక్కవెట్టాలె.
ముప్పై అయిదు దాటితే తీస్కరావాలె.
నిమిషమంటే ఎంత అన్నది.
నా గడియారం ఇచ్చిన: సన్నముల్లు ఒక సుట్టు.
ఆమె లెక్క మిల్లు లెక్క,
లారీకి బస్తాలెక్కేటప్పటిది.
లాభం. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు.
ఆరున్నొక్కటి.
ఎనిమిది.
ఆ అంకెల ఏడుపుందని
పుట్టినసంది నోట పలకలే.

మొన్న మిల్లు సేటు వచ్చి బల్ల మీద పండుకుండు.
గుండె మంచిగనే ఉంది.
అంగీ గుండీలు వెట్టుకుంట అడిగిండు,
"ఆ పిల్లి ఇంక బతికే ఉందా? ఎలుకలు సంచులు కొరుకుతున్నయి."
"నిద్రల ఇరవై తొమ్మిది" అన్న.
ఆయనకు అర్థం గాలే.

రాత్రి తొమ్మిదిన్నరకు సైదమ్మ ఫోను వస్తది.
ఇరవై ఎనిమిది. ఇరవై ఏడు అనదు,
ఇరవై ఆరున్నొక్కటి.
నీళ్లు రెండుసార్లు తీసినం. మళ్ల ఊరుతున్నయి.

నిన్న ముప్పై రెండు.
"ఇంక మూడున్నయి సారూ" అన్నది,
లారీల ఇంక జాగున్నట్టు.