అయస్కాంతం

రెండు లక్షల ముప్ఫై వేలు.
చీటీ పాడితే వచ్చింది.
అందులో పదివేలు టైర్లకని విడిగా కట్టి
బియ్యం డబ్బాలో పెట్టాను.
టైర్ల డబ్బు ముందు దాచి, ఆ తర్వాతే కారు చూడాలంటాడు యేసుపాదం.

అతను రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు బాగుచేస్తాడు.
నేను ఆ చెరువుల నీళ్ళే సీసాల్లో పట్టి
ఉప్పెంతో, అమ్మోనియా ఎంతో రాసిస్తాను.
ఇద్దరం ఒకే స్కూటీ మీద
స్పోర్ట్స్ కారు కొనడానికి బయల్దేరాం.

రెండు సీట్లేనా? అని అడిగారు ఇంట్లో.
మీ అత్త ఎక్కడ కూర్చుంటుంది, బియ్యం బస్తా ఎక్కడ పెడతావు?
నేను వెతుకుతున్నది సరిగ్గా ఆ ఇబ్బందినే
అని చెప్పలేకపోయాను.

మొదటిది భీమవరంలో. పండుమిరప ఎరుపు.
రంగరాజుగారు కవరు లాగితే
ఎదురు మేడ కిటికీలన్నీ దాని డొక్కలో వంగి కనిపించాయి.
"వాన చుక్క పడనివ్వలేదండి, ఆయ్" అన్నారు.
నా మోకాళ్ళు అప్పటికే సంతకం పెట్టేశాయి.

యేసుపాదం ఏమీ అనలేదు.
పాత స్పీకరు లోంచి ఊడదీసిన అయస్కాంతం
జేబురుమాల్లో చుట్టి
తలుపు కింది అంచున ఆనించాడు.
జారిపోయింది.
వెనక చక్రం పైన ఆనించాడు.
జారిపోయింది.
"కారు లేదమ్మా ఇక్కడ.
కారు ఆకారంలో ఎండిన పుట్టీ ఉంది."
రంగరాజుగారి మొహం చూశాను.
ఆయన కూడా ఎవరి దగ్గరో
ఈ ఎరుపునే కొనుక్కున్నట్టుంది, పాపం.

తణుకులో ఒకదానికి గుండె మారుతీది.
మండపేటలో ఒకటి భేషుగ్గా ఉంది గానీ
కాగితాల మీద దాని యజమాని
చచ్చిపోయిన పదకొండేళ్ళకీ బతికే ఉన్నాడు.
రావులపాలెంలో ఫోన్లో చెప్పిన కారు
వెళ్ళేసరికి సగమే ఉంది.
మిగతా సగం ఏదంటే
మీరే రెండో పార్టీ అన్నాడు.

ఉప్పు సంగతి నాకు తెలుసు.
పదిహేను దగ్గర రొయ్య హాయిగా ఉంటుంది.
ఇనుము ఏ అంకె దగ్గరా ఉండదు.
సముద్రం ఇక్కడ గాలిలో నడిచొచ్చి
బోల్టుల్లో కాపురం పెడుతుంది.
అందుకే మలికిపురం అంటే వద్దనుకున్నాను.
వెళ్ళాం, అయినా.

కొబ్బరాకుల పాక. మూడు కోళ్ళు.
పొగాకు నీళ్ళ రంగులో ఒక వీపు.
గంగాధరం గారు కాంపౌండరు.
పదహారు నెలల జీతం బాకీ పడ్డ డాక్టరు
ఊరు విడుస్తూ తాళం చేతిలో పెట్టి పోయాడట.
"నాకు తోలడం రాదండి. ఏటా అడుగున మాత్రం
కొబ్బరినూనె మడ్డి రాశాను.
రోగిని పడుకోబెట్టాక ఒళ్ళు తుడవాలి కదండీ."

మూత మొత్తం ముందుకు తెరుచుకుంది, మొసలి నోరులా.
సీట్లలో పీచు. పైన టాపు లేదు, ధాన్యం ఎండబోసే పట్టా ఉంది.
ఎడమ కాలి కింద పళ్ళెమంత కన్నం,
అందులోంచి ఒక కోడిపిల్ల మమ్మల్ని చూసింది.
యేసుపాదం బోర్లా పడుకుని
చాసీకి అయస్కాంతం చూపించాడు.

టక్.

ఆ చప్పుడు నా పళ్ళల్లో వినిపించింది.

రెండు అరవై అన్నారాయన.
రెండు ఇరవై ఉందన్నాను. బియ్యం డబ్బా సంగతి చెప్పలేదు.
చాలాసేపు కోళ్ళ వైపు చూసి
"మనవడు రెండెకరాల చెరువు తవ్వాడండి.
రెండేళ్ళు నీళ్ళు చూసి పెట్టండి" అన్నారు.
జీతం బాకీ కింద వచ్చిన కారు
పని బాకీ మీదే గడప దాటింది.

ఇంజను ఇంకా మేలుకోలేదు.
సఖినేటిపల్లి రేవు దాకా ట్రాక్టరు లాగింది,
పంటు మీదికి ఆరుగురు తోశారు.
ఒక పక్క అరటి గెలలు, ఒక పక్క మేకలు.
నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను.
ముల్లు సున్నా మీద. జుట్టు మాత్రం ఎగురుతోంది.
వశిష్ఠ ఎంత పోతే అంత.

టికెట్టు కుర్రాడు రెండు చుట్లు తిరిగి చూశాడు.
"కారు అని కొట్టాలా అండి, తోపుడు బండి అనా?"

"కారే" అన్నాను. "స్పోర్ట్స్ కారు."

కారు, ఒకటి, అని రాశాడు.
చిల్లర లేదన్నాడు.