డొల్ల శబ్దం

గోదావరిఖనిలో రాత్రి పదకొండు దాటింది.
బాయి మీద మస్టర్ గదిలో
రౌటర్ లేస్తోంది, పడుతోంది, మళ్లీ లేస్తోంది.
లేచిన ప్రతిసారీ అదే మాట:
ఫ్లాష్ చదవలేకపోతున్నాను.
పొద్దున ఆరింటికి మొదటి షిఫ్టు.
అప్పటికి ఇది నిలబడకపోతే
మూడు వందల మంది హాజరు కాగితం మీదికెక్కాలని
క్లర్కు నసీరుద్దీన్ రెండుసార్లు ఫోన్ చేసి
మూడోసారికి నిద్రపోయాడు.

నేనూ, నా నీలం కన్సోల్ తీగా.
తలుపు దగ్గర స్టూలు మీద ఓదెలు తాత,
ముప్పై మూడేండ్లు కింద పనిచేసి
ఇప్పుడు పైన కాపలా.

ముందు పైపై తప్పులే వెతకాలి.
కార్డు ఊడదీశాను,
అగ్గిపెట్టె కంటే చిన్నది, బిస్కెట్టంత పలుచన.
గాడిలో సన్నటి బొగ్గుపొడి,
బ్రష్‌తో దులిపితే నా గోళ్లలోకి చేరింది.
మళ్లీ పెట్టాను. లేచింది, పడింది.
కరెంటు పాయింటు మార్చాను. లేచింది.
పడింది.
"దయ్యం పట్టిందా బిడ్డా?"
"లేదు తాతా, జ్ఞాపకం పాడైంది."
"ఎవనికి పాడుగాలే."

కార్డును లాప్‌టాప్‌కి తగిలించి
గడి గడీ చదవమన్నాను.
వేల గళ్లు సాఫీగా పోయి
ఒక దగ్గర ఆగింది.
చదివిందే చదివి, చదివిందే చదివి
దాటేసింది.
తాత లేచొచ్చి తెర చూశాడు.
ఆయనకు ఆ అక్షరాలు రావు,
ఆగడం మాత్రం తెలిసింది.

"మేం గూడ గంతే.
షిఫ్టు మొదలుగాంగనే కట్టె వట్టి
పైకప్పు తట్టుకుంట పోతుంటిమి.
గట్టిదైతే ఖంగుమంటది.
డొల్లదైతే డుబ్బుమంటది.
డుబ్బుమన్న కాడ సున్నంతోని ఇంటూ గీసి
అవుతలికెళ్లి నడిచేది.
గా గుర్తు సూడక పోయిన రాజపోశం..."
అని, చాయ్ ఫ్లాస్కు మూత
తిప్పుతూ ఉండిపోయాడు.

ఇక్కడా గుర్తే పెడతాం.
పాడైన గడిని బాగుచేయలేం.
ఇక్కడ ఇక రాయకు అని పట్టికలో ఒక మాట,
అంతే.

నలభై ఒక్క గళ్లు, అన్నీ పక్కపక్కనే.
అక్కడ ఏముండేదో చూస్తే నవ్వొచ్చింది,
తర్వాత రాలేదు.
గది ఎంత వేడిగా ఉందో
నిమిషానికోసారి రాయమని
ఎవరో చెప్పి మరిచిపోయారు.
ఆరేళ్లు అదే చోట
చెరిపి రాస్తూ, చెరిపి రాస్తూ.
మిగిలిన ముక్కలో ఒక మే నెల మధ్యాహ్నం,
నలభై తొమ్మిది డిగ్రీలు.
ఎవరూ చదవలేదు.

మిగతాదంతా చేతికి దక్కింది.
ల్యాంపు గది. వైండింగ్ ఇంజను.
క్యాంటీన్ పాతది, ముట్టుకోవద్దు.
నాకు ముందు వచ్చి పోయినవాళ్ల చేతిరాత లాంటి పేర్లు.
కొత్త కార్డును ఆ రౌటర్‌లోనే ఫార్మాట్ చేయాలి,
లాప్‌టాప్‌లో చేస్తే ఒప్పుకోదు,
దాని పంతం దానిది.
అన్నీ దింపి, మొత్తం కూడి చూస్తే
చివరి అంకె దాకా లెక్క సరిపోయింది.
వేడి రాయడం ఆపమన్నాను.
నాలుగూ పదికి దీపాలు పచ్చబడ్డాయి.

పరీక్షకని తాతను వేలు పెట్టమన్నాను.
మిషన్ ఎర్రగా కూసింది.
బొటనవేలు. చూపుడువేలు. ఎడమచేతిది.
నెట్‌వర్క్ తప్పు కాదు,
మూడుసార్లు చూసుకున్నాను.
"అది నన్ను ఎన్నడు గుర్తువట్టదు బిడ్డా,
నాకు కార్డిచ్చిండ్రు"
అని మెడలోంచి తీసి చూపించాడు,
గర్వంగానే.

రామగుండం స్టేషన్లో
కాజీపేట బండి నలభై నిమిషాలు ఆలస్యం.
రిపోర్టులో కారణం అన్న చోట
అరుగుదల అని రాసి, కొట్టేసి,
మళ్లీ అదే రాశాను.
సంచిలో పాత కార్డు.
చెవి దగ్గర పెట్టుకుని గోరుతో తట్టాను.
బొగ్గు వ్యాగన్లు అప్పుడే కదిలాయి,
ఏమీ వినపడలేదు.