ఏరియేటర్లు లేని బొమ్మ

మొగల్తూరు దాటాక, ఉప్పుటేటి పక్క చెరువు.
ఉద్యోగంలో చేరిన మొదటి వారం నోటుబుక్కులో దాని బొమ్మ గీశాను:
నాలుగు గట్లు, నాలుగు మూలలా ఏరియేటర్లు,
నీళ్లొచ్చే గొట్టం, పొయ్యే తూము, చెక్ ట్రేలు రెండు,
మధ్యలో తోక వంచిన రొయ్య ఒకటి.
ప్రతిదానికీ పేరు రాశాను. ఒక్కటీ వదల్లేదు.

నాగిడి పోలేశు టార్చి వేసి చూశాడు.
"శానా బావుందండి అమ్మాయిగారూ,
ఇంతకీ ఈ రొయ్య మేత తింటందా?"
నవ్వేసి మీటరు రాసుకున్నాను,
సాయంత్రం ఆక్సిజన్ ఐదు పాయింట్ రెండు.
పడుకున్నాను.

రాత్రి రెండున్నరకి తలుపు కొట్టాడు.
"లేవండి. గాలి పడిపోయింది."

కొబ్బరాకు కదలట్లేదు. అంతేగా అనుకున్నాను.
మూడు రోజులుగా ముదురుతున్న నీళ్ల పచ్చదనం,
పగలంతా విడవని మబ్బు,
ట్రేలో మిగిలిపోయిన గుప్పెడు మేత,
ఇవన్నీ అతని లోపల ఎప్పట్నించో
ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని నడుస్తున్నాయట.
గాలి ఆగేసరికి అన్నీ కలిసొచ్చి
నా తలుపు దగ్గర నిలబడ్డాయి.

కరెంటు ఖర్చని రెండే తిప్పుతున్నాం. మిగతా రెండూ వేశాడు.
మీటరు ముంచాను: రెండు పాయింట్ ఆరు.
గట్టు వార మీసాలు. వందల మీసాలు.

తెల్లారాక పెన్ను చేతికిచ్చాను, నీ చెరువు గియ్యమని.
సిగ్గుపడ్డాడు.
గాలి వచ్చే దిక్కున ఒక గీత మొదలెట్టాడు.
అది నీళ్ల మీదుగా, ట్రే కింద బురదలోంచి, తూములోంచి
పక్కవాళ్ల చెరువులోకి, కాలువలోకి, ఏట్లోకి,
అమావాస్య పోటుదాకా పోయి
కాగితం చాలక బల్లమీద సాగింది.
"ఇంకా ఉందండి," అన్నాడు, పెన్ను విదిలిస్తూ.

భీమవరం లాబులో రామలింగస్వామి గారి బొమ్మలో అసలు నీళ్లే లేవు.
అమ్మోనియా, నైట్రైటు, కంటికానని పురుగులు, వాటి మధ్య బాణాలు.
పోలేశుకి నైట్రైటు తెలీదు. ఆయనకి అమావాస్య పట్టదు.
ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.
ఇద్దరూ ఒకే మాట చెప్పారు, రెండ్రోజులు మేత తగ్గించమని.

ఆరు పంటలు తీశాం తర్వాత. ఒకటి పోయింది కూడా,
పోలేశు ఉండగానే.

మొన్న కొత్తగా చేరిన కుర్రాడికి
చెరువు ఇదీ అని గీసి చూపించాను.
వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ ఆగాడు.
"మేడం, ఏరియేటర్లు వెయ్యడం మర్చిపోయారు."

చూసుకున్నాను. నిజమే. రొయ్య కూడా లేదు.
పైన ఒక మూల మాత్రం
రెండున్నర అని రాసి ఉంది.