రెండో ముద్ర

రాజేంద్రనగర్‌ల మూడొద్దుల ట్రైనింగు.
గేటు కాడ వాచ్‌మన్ ఆపితే
"నేనే సర్పంచిని" అన్నడు మా ఇంటాయన.
"ఇండ్ల ఆడమనిషి పేరున్నది గదా?"
"ఆమె అంటే నేనే."
ఇద్దరు నవ్విన్రు.
నేను గూడ నవ్విన. అలవాటు.

అయినా లోపలికి నన్నే పంపిన్రు.
ఆయన నీలగిరి చెట్టు కింద బీడి ముట్టిచ్చుకున్నడు,
అంగిజేబుల పంచాయతీ ముద్రతోని.
ఏడాదిన్నర నుంచి అది ఆ జేబుల్నే.
సీసీ రోడ్డుకు, మోరీకి, సచ్చినోళ్ల కాగితాలకు
ఆయన వేలు వెట్టి "ఈడ" అంటడు.
ఈడ పేరు గీస్త.
పక్కకే గుద్దుకుంటడు.

బల్ల మీద అట్టముక్క: చాలమ్మ, సర్పంచ్.

మూడో ఆడపిల్లను.
మంత్రసాని చెప్పంగనే
మా తాత వాకిట్లకెల్లే "ఇగ సాలు" అన్నడంట.
అదే పేరైంది.
నా ఎన్క పుట్టినోనికి
ముగ్గురు దేవుళ్లను కలిపి పెట్టిన్రు.

క్యాంటీన్ల పొగలెల్లే బువ్వ.
ఇంట్ల నేను వేడిది తిన్నది
బాలెంతగ ఉన్నప్పుడే.
వడ్డించే పిలగాడు గంటె పట్టుకొని "సాలా?" అన్నడు.
పిలుస్తుండనుకొని తలెత్తిన.
అడుగుతుండని తెలిసేసరికి
ఏం చెప్పాల్నో సమజ్ కాలె.

మేడం గ్రామసభ అన్నది, తీర్మానం అన్నది,
నడుమల ఆగి
"ముద్ర ఎవరి దగ్గర ఉంటుంది?" అన్నది.
ముప్పైరెండు మందిమి.
ఫ్యాన్ల చప్పుడు ఇనబడ్డది.
మక్తల్ దిక్కామె గాజులు లెక్కవెట్టుకుంటున్నది.
ఇంకొకామె ఏడ్వవోయి
తుమ్మినట్టు చేసింది.

మూడోనాడు పగటీలి
కడుపు నొస్తుందని చెప్పి
ఎన్క గేటుకెల్లి అఫ్జల్‌గంజ్ బస్సెక్కిన.
కండక్టరు సున్నా టికెట్టు కొట్టిచ్చిండు.
సందుల ముద్రల దుకాణం,
మందం అద్దాల ముసలి సాబు.

"పేరు?"
"చాలమ్మ."
"చల్లమ్మనా?"
"కాదు, చాలు అంటరు సూడు, ఆ చాలు."
ఆయన కలం ఆగింది. నా దిక్కు చూసిండు.
మల్ల రాసుకున్నడు.
"హోదా?"
రెండుసార్లు అడిగినంక నోరు లేసింది.

రబ్బరు మీద అక్షరాలు ఉల్టా ఉన్నయి.
"తప్పువడ్డది సాబ్."
"లేదు బేటీ, గుద్దితే సీదా అయితది."
పాత పేపరు మీద గుద్ది చూపిచ్చిండు.
నా పేరు ఊదారంగుల,
ఎవలో సినిమాయన మొకం మీద.

నూటెనభై. బర్రె పాలపైసలల్ల దాచినయి.
తడారకముందే జాకెట్ల దోపుకున్న.

ఎంజీబీఎస్‌ల ఆయనది కిటికి సీటు.
షాద్‌నగర్ దాటినంక చూసిండు.
"ఏందది, ఎదమీద మరక?"
"సిరా."
గబుక్కున అంగిజేబు తడుముకున్నడు.
ఆయనది ఆయన కాడనే ఉన్నది.
తల కిటికికానిచ్చి గుర్రువెట్టిండు.

సోమారం గ్రామసభ.
ఒక్క కాగితానికి రెండు ముద్రలు వడితే
ఏది చెల్లుతదో,
అయ్యో, మేడంను అడగనే మర్షిన.