కుట్టుకి వదిలిన అంచు

కోఠీలో, బ్యాంక్ స్ట్రీట్ వెనక గల్లీలో
వజాహత్ ఫొటో స్టూడియో, ఫ్లెక్స్ ప్రింటింగ్.
ఎవరో కార్పొరేటర్ పుట్టినరోజు
మీసం దాకా వచ్చి ఆగింది.
మిషను చల్లారేలోపు నా పని చూస్తానన్నాడు.

పెన్‌డ్రైవ్‌లో అరవై ఒక్క ఫొటోలు.
సుమత్రా ఉత్తరపు కొన, తెల్లవారుజాము.
పన్నెండు-నాలుగు వాచ్ దిగి, పడుకోకుండా
బ్రిడ్జి కుడిరెక్క మీద నిలబడి
కెమెరా నిలువుగా పట్టుకుని
ఓడ తూర్పుకి పోతుంటే
నలభై సెకన్లకొకటి తీశాను.

"సముద్రం చూడలే మేడం నేను.
ట్యాంక్‌బండ్ చూసిన. దానికి అవతలి ఒడ్డుంటది."
దీనిక్కూడా ఉంది, చూడు, అన్నాను.
స్క్రీనుకి మొహం ఆనించాడు.
ఇందాకట్నుంచీ పొగమంచనుకున్నాడట.

ఒకటో నంబరు ఎడమన పెట్టాడు, రెండోది దాని పక్కన.
కొండకి కొండ అతకలేదు.
ఒకే మంచం మీద అలిగి
అటొకరు ఇటొకరు తిరిగి పడుకున్నట్టున్నాయి.
మౌసు గిరగిర తిప్పి తిప్పి
ఉన్నట్టుండి నవ్వాడు:
"ఇది కుడి నుంచి చదవాలె మేడం, మా ఉర్దూ లెక్క."

దక్షిణానికి తిరిగి నిలబడితే
తూర్పు ఎడమచేతి వైపు.
పన్నెండేళ్లుగా ఓడకి దారి గీస్తున్నాను,
ఆ ముక్క నాకు కోఠీలో గుర్తొచ్చింది.

కుడికొసన ఇంకా చీకటి.
అక్కణ్ణుంచి ఒక్కో ఫొటో ఎడమకి జరిగేకొద్దీ
బూడిద రంగు, తర్వాత తడిసిన ఇటుక రంగు,
చిట్టచివర కొండల నెత్తిన ఎండ.
నలభై నిమిషాల తెల్లవారడం
ఒకే వరస మీద ఆరేసి ఉంది.
ఇలాంటి తీరం ఏ క్షణంలోనూ లేదు.

వాళ్ల నాన్న పత్తర్‌గట్టీలో షేర్వానీలు కుట్టేవాడట.
"కుట్టుకి అంచు వదలాలె. వదలనోడు దర్జీ కాదనేటోడు.
మీరు మంచిగనే వదిలిన్రు, మూడో వంతు."
మూడో వంతు: ఇందాక చూసిందే
ప్రతిసారీ మళ్లీ కాస్త.
అంత వదిలినా దూరపు కొండలు ఒదిగాయి గాని
దగ్గరి నీళ్లు ఒదగలేదు.
దగ్గరివి ఎక్కువ జరుగుతాయి, అంతే, అన్నాను.
అతను అలల్ని మెల్లగా రుద్దాడు, ఇస్త్రీ చేస్తున్నట్టు.

నలభై రెండులో ఒక చేపల పడవ.
నలభై నాలుగులో అదే పడవ,
అదే పసుపు చొక్కా.
"డబల్ వచ్చిండు. ఏది తీసెయ్యాలె?"

మొదటి దాంట్లో వంగి వల అందుకుంటున్నాడు.
రెండో దాంట్లో నడుం మీద చెయ్యేసుకుని
మావైపు చూస్తున్నాడు.
నన్నని కాదు.
రెండొందల మీటర్ల ఇనుము పక్కనుంచి పోతుంటే
ఎవరైనా చూస్తారు.

చాయ్ వచ్చింది.
సాసర్లో పోసుకుని అతను తాగేదాకా ఆలోచించాను.
ఇద్దర్నీ ఉంచు.
"గలత్ కనిపిస్తది మేడం."
కనిపించనీ.

పదకొండడుగులు వచ్చింది.
చుడితే చంకలో ఇమిడింది,
చాదర్‌ఘాట్ వంతెన మీద ఆటో కుదిపినప్పుడు మాత్రం
పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాను.
విద్యానగర్ ఫ్లాట్లో అంత గోడ లేదు.
మూల దగ్గర తీరం మడత పడింది,
చీకటి కొస ఫ్రిజ్ వెనక్కి పోయింది.
పనికొచ్చే రేణమ్మ తుడుస్తూ తుడుస్తూ
"ఈ ఇద్దరు అన్నదమ్ములా?" అనడిగింది.
అయ్యుండొచ్చు, అన్నాను.

మళ్లీ ఓడెక్కే ముందు
పాస్‌పోర్టు ఫొటోల కోసం వెళ్లాను.
అతని కంప్యూటర్ అంచున, టేపుతో అంటించి,
వేలెడు వెడల్పు కాయితం ముక్క.
కొండ లేదు, పడవ లేదు, ఉత్త నీళ్లు.
"మీదే మేడం, కోసిన అంచు.
మా నాన్న కూడ ముక్క పారేసేటోడు కాదు."
కింద పెన్నుతో ఉర్దూలో ఏదో రాసి ఉంది.
ఏమిటంటే, తారీఖు అన్నాడు.

తెల్లగోడకి ఆనుకుని స్టూలు మీద కూర్చోబెట్టాడు.
గడ్డం కొంచెం పైకెత్తమన్నాడు.
"కదలొద్దు మేడం," అన్నాడు.