మంచు మందం

ఈ వార్డులోకి చేతులూపుకుంటూ వచ్చేది
నేనొక్కదాన్నే.
నర్సు సారా చేతిలో సిరంజి,
డాక్టరు చేతిలో కాగితాలు,
నేల తుడిచే కుర్రాడికైనా ఒక కర్ర.
నాకు మెడలో కార్డు, దానిమీద 'పాస్టరు' అన్న మాట.
అది చూడగానే కొందరు దుప్పటి గడ్డం దాకా లాక్కుంటారు,
అప్పుడే వచ్చేశావా అన్నట్టు.

ఔలు నగరం. జనవరి.
పదింటికి గానీ తెల్లారదు, రెండున్నరకల్లా మళ్ళీ చీకటి.
పద్నాలుగో గదిలో తౌనో కెంప్పి,
మంచును పగలగొట్టే ఓడలో ముప్పైయేళ్ళు
ఇంజను పక్కన బతికినవాడు.
మొదటిరోజే చెప్పేశాడు:
"దేవుణ్ణి బయట కోటు కొక్కేనికి తగిలించి రా.
కుర్చీ అంటావా, అది ఆస్పత్రిది. కూర్చో."

కూర్చున్నాను.
పన్నెండు రోజులు, రోజుకో పావుగంట.
ఎక్కువ మాట్లాడింది రేడియేటరే.

నేను నేర్చిన విద్య ఇదీ అని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది:
స్పాంజి పుల్లతో పెదవులు తడపడం,
చెవి మిషనుకు బ్యాటరీ మార్చడం,
ఎవరైనా ఏడుస్తుంటే టిష్యూల పెట్టె
వాళ్ళ ముందుకు తోయకుండా ఉండడం.
తోస్తే, ఇక చాలు, తుడుచుకో అన్నట్టే.
'అంతా మంచికే' అన్న మాట
నాలుక చివరిదాకా వస్తే మింగెయ్యడం.
అక్కడే ఇప్పటికీ తడబడతాను.
కిందటేడు ఒక తల్లితో అనేశాను కూడా.
ఆవిడ చూసిన చూపు
నా కోటు జేబులో ఇంకా ఉంది.

పదమూడో రోజు కళ్ళు తెరవకుండానే
"నాకో తమ్ముడున్నాడు" అన్నాడు,
ఆ మాటను ఎక్కడో అడుగునుంచి చేదినట్టు.
ఇరవై ఆరేళ్ళ కిందట ఒక పడవ మోటారు దగ్గర చెడింది.
తప్పెవరిదో ఆ మోటారుకే తెలియాలి,
అదేమో ఎప్పుడో తుక్కులోకి పోయింది.
"ఫోను నువ్వు చెయ్యి. నేను చెయ్యను.
క్షమాపణ గిమాపణ అన్నావంటే ఊరుకోను."

చేశాను.
ఎదురుగా చిన్న దీవి, అక్కడ ఎత్తిన గొంతు
అచ్చం తౌనోదే, కాస్త తక్కువ అరిగింది.
ఫోను దిండు మీద పెట్టాను.
చాలాసేపు
అటు ఊపిరి, ఇటు ఆక్సిజన్ బుడగలు.
నేను ప్రార్థించానా? తెలీదు.
పైకప్పులో పొగ అలారం ఎర్రచుక్కను చూస్తూ ఉన్నాను.

అటునుంచి ముందు:
"మంచు ముప్పైయెనిమిది సెంటీమీటర్లుంది."
ఇటునుంచి, బాగా ఆలస్యంగా:
"తొలిచి చూశావా?"
"మూడు చోట్ల."
"పాయ దగ్గర?"
"అక్కడ ఇరవై దాటలేదు."
"అయితే కారు తేకు."
"తేను. నడిచే వస్తా."
అంతే. ఫోను ఎవరు పెట్టేశారో కూడా గమనించలేదు.

ఆ రాత్రి రెండుసార్లు టైమెంతని అడిగాడట.
నాలుగింటికి సారా నన్ను లేపింది.
నేను వెళ్ళేసరికి
కిటికీ రెక్క వేలెడంత తెరిచి ఉంది, ఇక్కడి ఆనవాయితీ.
బయట మైనస్ ఇరవై ఒకటి.
చలి అని ఎవరం అనలేదు.

తమ్ముడు, ఎయ్‌నో, వెలుతురు వచ్చాక వచ్చాడు.
బూట్ల నుంచి మంచు కరిగి
లినోలియం మీద చిన్న చెరువు కట్టింది.
ఖాళీ మంచం కడ్డీ పట్టుకుని
"ఏమైనా అన్నాడా?"

అబద్ధం ఆడొచ్చు. తియ్యటివి నా దగ్గర చాలా ఉన్నాయి.
"వాడికి ఈత రాదు, అన్నాడు. రెండుసార్లు" అన్నాను.

ఆయన చాలాసేపు ముక్కు చీదుకున్నాడు.
టిష్యూల పెట్టె జోలికి నేను పోలేదు.
తర్వాత, నాతో కాదు, దిండుతో:
"వచ్చురా ఇప్పుడు. యాభయ్యో ఏట నేర్చుకున్నా."

ఫారంలో గళ్ళు నాలుగు:
ప్రార్థన, ప్రభు భోజనం, సంభాషణ, ఇతరం.
ఇతరానికి టిక్కు పెట్టాను.
'వివరాలు' అన్న గీత మీద
ముప్పైయెనిమిది అని రాసి, కొట్టేసి,
కింద ఏమీ రాయలేదు.

తొమ్మిదో గదిలో బెల్లు.
లెంపి గారి ఊలు చిక్కుపడిందట.
మంచం అంచున కూర్చుని
కొస ఎక్కడుందో వెతుకుతూ
ఇద్దరం దీపం కిందికి వంగాం.