మూల బండ

పొద్దున్నే వచ్చి బోర్డు తుడిచి
పెద్దక్షరాలతో రాసినా: తల్లిదండ్రులకు సాగతం.
వ వత్తు మర్చిపోయిన సంగతి నాకు తెలీదు.
ఇమాంబీ స్టూలెక్కి, నాలుక బయటపెట్టి, మెల్లగా తగిలించింది.
ఎవరికీ చెప్పన్లే మేడమ్, అంది.

శామియానా అంగడి నుంచి పన్నెండు కుర్చీలు తెచ్చినాం.
జిగురు సీసా గురువారమే అయిపోతే
గోడకు బొమ్మలు అన్నంమెతుకులతో అంటించినాం.
సగం, పావు, అరపావు: అన్నీ రాగిసంగటి ముద్దలే.
పెన్నకు నీలం పూయమంటే
ఓబులేసు ఇసక రంగు పూసినాడు.
దాన్ని మాత్రం నేను దిద్దలేదు.

పదైంది. పదిన్నరైంది.
ఎరువుల అంగడాయన ఒక్కడే వచ్చి
వాళ్ల పాపకు ఒక మార్కు యాడ పోయిందో
దొరికేదాకా నిలబడి పోయినాడు.
తక్కిన పదకొండు కుర్చీలు నా మొగం చూసినాయి.
యర్రగుంట్లలో పాలిషింగు మిషన్లు
మధ్యాన్నం ఆగేదాకా ఎవురికీ తీరిక లేదని
తొమ్మిదేండ్లుగా ఈడ పనిచేసే నాకు తెలీదా?
తెలుసు.
నోటీసులో పది గంటలనే రాసినా.

రొద ఆగింది.
చెవిలో దూది తీసినట్టయింది ఊరికి.
అప్పుడొచ్చినారు,
మోకాళ్ల దాకా ఎండిన రాతిబురదతో.
చెప్పులు వాకిట్లో విడిచి, వాకిట్లోనే నిలబడినారు.
కాళ్లు బాగలేవు మేడమ్, ఈణ్నుంచే చూస్తాంలే.
పిల్లోళ్లే చేతులు పట్టి లోపలికి గుంజకొచ్చినారు.

సుంకమ్మ కుర్చీలో కూచ్చోలేదు.
కొడుకు కార్డు రెండు చేతుల్తో పట్టుకుని,
ఏం రాసినావు మేడమ్ మా ఓబులేసుకు?
లెక్కలు బాగా చేస్తాడమ్మా.
అది సరే. ఈ ఎర్రగా ఉండేది?

చదువు రాదు ఆమెకు. ఎర్ర సిరా తెలుసు.
నిలకడ లేదు. కదలకుండా కూచ్చోడు. రాత వంకర.
నా చేతిరాతే, గుండ్రంగా, ఎంత బాగుందో.
చదవడానికి గొంతు సవరించుకుంటాంటే

మూల నుంచి టక్, టక్.
ఇమాంబీ నాయన దస్తగిరి.
తన సంగటి ముద్దలు చూడమని కూతురు చొక్కా గుంజుతాంటే
గోడ చూడకుండా నేల చూస్తాండాడు.
గొంతుకూచ్చొని, వేలి కణుపుతో బండ మీద కొట్టి,
పుచ్చకాయ బేరమాడేవాడి మాదిరి చెవి పెట్టి విన్నాడు.

బోలు, అన్నాడు.
ఈ గది పరిసింది మేమే మేడమ్, ఇమాంబీ పుట్టకముందు.
బిల్లు రాలేదని మేస్త్రి తొందర చేసినాడు,
ఈ మూలకొచ్చేసరికి సిమెంటు అయిపోయింది,
వట్టి ఇసక మీద పరిసి పోయినాం.
ఈ పక్క తొక్కితే ఆ పక్క లేస్తాది, చూడు.
ఈడ కూచ్చునేది ఎవురు?

ఎవురూ పలకలేదు.
ఓబులేసు నీలం లేని తన ఏటి కింద నిలబడి
కాలి బొటనవేలితో నేల గీకుతాండాడు.
సుంకమ్మ ఇంకా నన్నే చూస్తాంది, కార్డు చాచి.

తీసుకున్నా.
ఇది తప్పు కార్డమ్మా, సోమవారం సరైంది పంపిస్తా, అన్నా.
తప్పు నాదని అనలేకపోయినా,
అంతమంది ముందర.

ఆదివారం తాపీ తెస్తా, అన్నాడు దస్తగిరి.
కూలి వద్దులే.
తాళంచెవి మాత్రం ఇమాంబీ చేతికియ్యి.

ఒంటిగంటకు మిషన్లు మళ్లీ మొదలైనాయి.
కుర్చీలు లెక్కపెట్టి పంపించినాక
తలుపు దగ్గరికేసి, మూలకు పోయి,
ఓబులేసు బండ మీద మఠం వేసుకుని
ఒడిలో పుస్తకం పెట్టుకుని నా పేరు రాసినా.
మొదటక్షరం కుదురుగానే వచ్చింది.
రెండోదానికి బండ ఊగింది.